‘రోజూ వాకింగ్’: మందుల చీటీలోని ఆ ఒక్క ముక్క ఎక్కడి నుంచి వచ్చింది?

నిద్ర పట్టడం లేదనో, ఒళ్లంతా లాగేస్తోందనో, దేని మీదా మనసు పోవడం లేదనో అరవై దాటిన మనిషి విశాఖలో డాక్టర్ దగ్గరికి వెళ్తే, చీటీ అడుగున తరచుగా ఒక ముక్క కనిపిస్తుంది: ‘రోజూ వాకింగ్’. పైన మందులకు ఎన్ని పూటలు, తిండికి ముందా తర్వాతా, ఎన్నాళ్లు అని అన్నీ రాసి ఉంటాయి. వాకింగ్‌కి మాత్రం ఏ లెక్కా ఉండదు. షుగరుకీ, బీపీకీ అదే మాట రాస్తారు కాబట్టి ఇంట్లోవాళ్లు కూడా దాన్ని మందు కింద జమకట్టరు. డిప్రెషన్‌కి నడకలాంటి వ్యాయామాన్ని చికిత్సగా వాడటం వెనక నలభై ఏళ్లకు పైబడిన పరిశోధన ఉంది, ముసలితనంలో వచ్చే డిప్రెషన్ మీద కూడా. ఆ పరిశోధనల్లో నడకకీ మందుకున్నట్టే మోతాదు ఉండేది. చీటీ దాకా వచ్చేసరికి ఆ మోతాదు జారిపోయింది.

మన ఊరికి మానసిక వైద్యం కొత్త కాదు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి 1871 నాటిది. అయితే తరాల తరబడి జనం నోట అది ‘పిచ్చాసుపత్రి’. కేకలు వేసేవాళ్లనీ, బట్టలు చింపుకునేవాళ్లనీ తీసుకెళ్లే చోటు. అరుగు మీద కూర్చుని క్రమంగా మాట తగ్గించేసిన తాతయ్యకి, వంటగది వదిలేసి మంచం పట్టిన అమ్మమ్మకి ఆ గేటుతో పని ఉందని ఎవరికీ తోచలేదు. ‘వయసు మీద పడింది కదా’ అనేవారు. ఇప్పటికీ అంటున్నారు. దేశంలో 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది, 1996లో జిల్లా స్థాయికి వచ్చింది, 2010లో వృద్ధుల కోసం వేరే ఆరోగ్య కార్యక్రమం పెట్టారు. ఇంత జరిగాక 2017-18లో చేసిన జాతీయ వృద్ధుల సర్వే ఏం చెప్పిందంటే, అరవై దాటినవాళ్లలో సుమారు నూటికి 8 మందిలో డిప్రెషన్ లక్షణాలు ఉన్నాయి; తమకు ఆ జబ్బు ఉందని డాక్టర్ తేల్చి చెప్పినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు.

పెద్దవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా బయటపడదు. కడుపులో మంట, కాళ్ల పీకులు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, పేర్లు గుర్తురాకపోవడం ఇలా వస్తుంది. చివరిదాన్ని చూసి మతిమరుపు జబ్బనుకుని బెంబేలెత్తిపోతారు. డిప్రెషన్ వల్ల వచ్చే ఈ మతిమరుపు డిమెన్షియాలాగే కనిపిస్తుందని 1961లోనే కైలో అనే మానసిక వైద్యుడు రాశాడు. 1990లలో మెదడు స్కానింగులతో సంగతి ఇంకొంచెం తేటపడింది. పదేపదే డిప్రెషన్‌కు గురైనవాళ్లలో హిప్పోకాంపస్, అంటే జ్ఞాపకాలను కుదురుగా నిలిపే మెదడు భాగం, చిన్నదిగా ఉంటోందని వైవెట్ షెలీన్ బృందం 1996లో చూపించింది. ఆ మరుసటి ఏడాదే అమెరికాలో అలెక్సోపౌలస్, కృష్ణన్ బృందాలు మరో కోణం ముందుకు తెచ్చాయి: బీపీ, షుగరు వల్ల మెదడులోని సన్నటి రక్తనాళాలు పాడవడం కూడా ముదిమి డిప్రెషన్‌కు ఒక కారణం కావచ్చని. గుండెకీ మనసుకీ ముడి అక్కడ పడింది.

గుండె వైపు కథ అప్పటికే సగం నడిచింది. 1953లో జెరెమీ మోరిస్ లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పోల్చి చూశాడు. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే సీట్లో కూర్చునే డ్రైవర్లకే గుండెజబ్బులు ఎక్కువ. అంతవరకూ ‘విశ్రాంతి తీసుకోండి’ అన్న వైద్యం క్రమంగా ‘కదలండి’ అనడం మొదలుపెట్టింది.

మెదడు వైపు గోడ ఇంకా గట్టిది. పెద్దయ్యాక మెదడులో కొత్త కణాలు పుట్టవన్నది ఇరవయ్యో శతాబ్దం చాలావరకు తిరుగులేని నమ్మకం. 1965లో జోసెఫ్ ఆల్ట్‌మన్, గోపాల్ దాస్ ఎలుకల్లో పుడుతున్నాయని చూపిస్తే పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1998లో పీటర్ ఎరిక్సన్ బృందం మనిషి హిప్పోకాంపస్‌లోనూ ఆ జాడలు కనిపెట్టింది. 1999లో హెన్రియెట్ వాన్ ప్రాగ్, చక్రంలో పరిగెత్తే చిట్టెలుకల్లో కొత్త కణాలు ఎక్కువని తేల్చింది. మనుషుల విషయంలో ఈ తగువు ఇంకా తెగలేదు. 2018లో ఒకే ఏడాది ఒక బృందం పెద్దవాళ్లలో అసలు కనిపించడం లేదంది, ఇంకొకటి ముసలితనం దాకా పుడుతూనే ఉన్నాయంది.

ఆ 1999లోనే అసలైన మలుపు వచ్చింది. వ్యాయామాన్ని డిప్రెషన్‌కు చికిత్సగా 1979లోనే అమెరికాలోని విస్కాన్సిన్‌లో జాన్ గ్రీస్ట్ బృందం కొద్దిమంది మీద పరీక్షించింది. అక్కడి డ్యూక్ యూనివర్సిటీలో జేమ్స్ బ్లూమెంథాల్ మాత్రం యాభై దాటిన 156 మంది డిప్రెషన్ రోగులను తీసుకుని మూడు గుంపులు చేశాడు. ఒక గుంపుకి డిప్రెషన్‌కు వాడే సెర్ట్రలిన్ మాత్ర, ఒక గుంపుకి వ్యాయామం, మూడో గుంపుకి రెండూ. వ్యాయామం అంటే వారానికి మూడుసార్లు ఒకచోట చేరడం, పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోవడం, అరగంట గుండె వేగం పెరిగేలా నడక లేదా జాగింగ్, చివర ఐదు నిమిషాలు నెమ్మదించడం. పక్కన చూసుకునే మనిషి ఉన్నాడు. 16 వారాలకు మూడు గుంపులూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. మాత్ర ముందుగా పనిచేసింది. నడక ఆలస్యంగా వచ్చి అందుకుంది. పది నెలల దగ్గర చూస్తే వ్యాయామంతో కోలుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం తక్కువ.

పెద్ద వయసువాళ్లకు మరింత దగ్గరగా వచ్చిన అధ్యయనం 2015లో ఇటలీది. 65 దాటిన 121 మందికి అందరికీ సెర్ట్రలిన్ ఇచ్చారు. 24 వారాలకు మాత్ర ఒక్కటే వేసుకున్నవాళ్లలో 45 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. మాత్రతో పాటు తేలికపాటి వ్యాయామం చేసినవాళ్లలో 73 శాతం, క్రమంగా జోరు పెంచిన ఏరోబిక్ (గుండె వేగం పెంచే) వ్యాయామం చేసినవాళ్లలో 81 శాతం. నా దృష్టిలో ఈ కథ మొత్తానికీ ఎక్కువ ఉపయోగపడే అంకెలు ఇవే. మాత్ర మానేయమని ఇవి చెప్పడం లేదు. మాత్ర పక్కన నడకను కూర్చోబెట్టమంటున్నాయి.

మెదడు పరిమాణం మీద అందరూ చెప్పుకునేది 2011లో కర్క్ ఎరిక్సన్ బృందం చేసిన పని. డిప్రెషన్ రోగులు కాని 120 మంది వృద్ధుల్లో ఒక సగం ఏడాది పాటు వారానికి మూడు రోజులు నడిచారు, మిగతా సగం ఒళ్లు సాగదీసే ఆసనాల్లాంటివి చేశారు. నడిచినవాళ్ల హిప్పోకాంపస్ దాదాపు 2 శాతం పెరిగింది, రెండోవాళ్లది తగ్గింది. ఇక్కడ నేను చూపించాలనుకున్నది మొదటి వారం. వాళ్లు పది నిమిషాలే నడిచారు. వారం వారం ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ ఏడో వారానికి నలభైకి చేరారు.

ఎదురు సాక్ష్యం కూడా చెప్పాలి. ఇంగ్లండ్ వృద్ధాశ్రమాల్లో 891 మందితో చేసిన పెద్ద ప్రయోగం 2013లో వచ్చింది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపిస్టు వ్యాయామం చేయించినా డిప్రెషన్ తగ్గలేదు. 2022లో అమెరికాలో, మతిమరుపు గురించి బెంగపడే 585 మంది వృద్ధుల మీద చేసిన పరీక్షలో వ్యాయామం జ్ఞాపకశక్తిని పెంచలేదు. కాబట్టి ‘నడిస్తే మతిమరుపు రాదు’ అని ఎవరికీ మాట ఇవ్వకూడదు. ఇంట్లో ఉంటూ కాస్త తిరగగలిగిన వృద్ధుల్లో దిగులు తగ్గడానికి ఆధారం గట్టిగానే ఉంది, మెదడు పదును సంగతి ఇంకా తేలాలి.

ఇక మన ఊరు. పోర్టు, షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు, నేవీ, రైల్వే కొలువుల్లో రిటైరై ఇక్కడే స్థిరపడినవాళ్లు వేలల్లో ఉన్నారు. చాలామంది పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. తెల్లవారకముందే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు, ఆర్కే బీచ్ నడిచేవాళ్లతో నిండిపోతుంది. చూసి ముచ్చటపడతాం. కానీ దిగులుతో కుంగినవాళ్లు ఆ గుంపులో కనిపించేది తక్కువ. వాళ్లు ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో ఫ్లాట్లో తలుపు వేసుకుని ఉంటారు. ‘వాకింగ్‌కి వెళ్తున్నావా అమ్మా?’ అని కొడుకు ఫోన్లో అడిగితే ‘ఆ, వెళ్తున్నా నాన్నా’ అనేస్తారు. లేవాలనిపించకపోవడమే ఆ జబ్బు లక్షణమైతే, ‘రోజూ నడవండి’ అని రాసిచ్చి పంపేస్తే ఎలా?

తోడు ఉంటే ఏం జరుగుతుందో విశాఖకు తెలుసు. ఏటా ఆషాఢ పౌర్ణమి ముందురోజు కొండ దిగువన మెట్లదారి మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి సింహాచలం కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడిచేవాళ్లలో డెబ్బై దాటినవాళ్లనూ చూస్తాం. ఫలానా రోజని ఉంది, పక్కన జనం ఉన్నారు, దారిలో మంచినీళ్లు ఇచ్చే చేతులున్నాయి. డ్యూక్‌లో వారానికి మూడుసార్లు ఏర్పాటు చేసింది కూడా చాలావరకు ఇదే. బస్తీల్లోని పార్కుల వాకర్స్ క్లబ్బులు తలుపు తట్టి మనిషిని పిలుచుకొచ్చే పని పెట్టుకుంటే, అది వైద్యంలో భాగమే అవుతుంది.

డాక్టరు రాయాల్సింది కూడా పెద్ద చాంతాడేమీ కాదు. వారానికి మూడు రోజులు, మొదట పది నిమిషాలు, వారానికి ఐదు పెంచాలి, తోడు ఎవరో పేరు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడబోతే ఆయాసం రావాలి, అదీ వేగం. గుండెజబ్బు ఉన్నవాళ్లు, తూలి పడేవాళ్లు ముందు పరీక్ష చేయించుకోవాలి. విశాఖ ఉక్కపోతలో ఎండెక్కాక వద్దు. అపార్ట్‌మెంట్ వరండా అయినా చాలు. తిండి మానేసినా, ‘నేనుండి ఎవరికి లాభం’ లాంటి మాట నోట వచ్చినా నడక సంగతి పక్కనపెట్టి అదే రోజు మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్)లో చూస్తారు, చినవాల్తేరులో చూస్తారు. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు, ఫోను ఇంట్లోవాళ్లు చేసినా చాలు.