మొవ్వు మీద చేయి వేయకండి

కడియపులంక

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. హైదరాబాదులో మీ కొత్త ఇంటి గేటుకు అటొకటి ఇటొకటి రాయల్ పామ్ మొక్కలూ, ప్రహరీ వెంట అరెకా పామ్ వరుసా నాటించారనీ, చూడడానికి నీటుగా ఉండాలంటే రాయల్ పామ్‌కు పైన రెండు మూడు మట్టలు మాత్రమే ఉంచి మిగిలినవన్నీ గృహప్రవేశానికి ముందే నరికేయాలని తోటపని చేసే ఆయన చెబుతున్నాడనీ రాశారు. ఆ పని మాత్రం చేయించకండి. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే ఈ జాతి చెట్లు పెరిగే తీరు మీకు తెలియాలి, కాబట్టి ఉత్తరం కొంచెం పొడవైనా ఓపికగా చదవండి.

మన తాడి, కొబ్బరి, ఈత, పోక, జీలుగు, మీ గేటు పక్కనున్న రాయల్ పామ్ అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో దాదాపు 2,500 రకాలు ఉన్నాయి. మామిడి కొమ్మ విరిగితే దాని కింద నుంచి మరో చిగురు వస్తుంది, వేపను మోడు చేసినా మళ్ళీ గుబురుగా లేస్తుంది. ఒంటి మానుగా పెరిగే తాడికీ కొబ్బరికీ రాయల్ పామ్‌కూ ఆ అవకాశం లేదు. చెట్టంతటికీ ఎదుగుదల జరిగే చోటు ఒక్కటే ఉంటుంది. మట్టల మొదళ్ళ మధ్య, తల లోపల భద్రంగా దాగి ఉండే ఆ లేత భాగాన్నే మనం మొవ్వు అంటాం. ప్రతి కొత్త మట్టా అక్కడే పుట్టి, ముడుచుకున్న ఈటెలాగా పైకి వచ్చి, ఆ తరువాత విచ్చుకుంటుంది. మొవ్వు చచ్చిపోతే అరవై అడుగుల మాను నిలబడి ఉన్నా ఆ చెట్టు చచ్చినట్టే. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో తలలు విరిగిపోయి మాను మాత్రం మిగిలిన కొబ్బరి చెట్లను నేను కళ్ళారా చూశాను. వాటిలో ఒక్కటి కూడా తిరిగి చిగురించలేదు.

రెండో సంగతి మానుకు సంబంధించినది. వేప, టేకు వంటి చెట్లకు బెరడు కింద ఒక పలుచని పొర ఉండి, ఏటేటా కొత్త చెక్కను చేర్చుతూ మానును లావు చేస్తుంది; గాయమైతే దాన్ని కప్పి పూడ్చేది కూడా ఆ పొర నుంచి వచ్చే పెరుగుదలే. పామ్ జాతికి ఆ పొర లేదు. అందుకే చిన్న మొక్క ముందు నేల దగ్గరే తన లావునంతా సమకూర్చుకుని, ఆ తరువాతే పైకి లేస్తుంది. నాటి రెండేళ్ళయినా ఎత్తు పెరగలేదని చాలామంది దిగులుపడతారు గాని, ఆ కాలంలో మొక్క చేసే పని అదే. గాయమైతే మాను దాన్ని మాన్పుకోలేదు. ముప్పై ఏళ్ళ కిందట మా పెరట్లోని రాయల్ పామ్‌కు బట్టలారేసే తీగ కట్టడం కోసం నేను నాలుగు మేకులు కొట్టాను. తీగ తీసేసి ఎన్నో ఏళ్ళయినా ఆ నాలుగు బెజ్జాలూ నల్లగా అలాగే ఉన్నాయి, వాటిలో ఒకదాని చుట్టూ చెక్క మెత్తబడి లోపలికి కుళ్ళు పట్టింది. ఆ చెట్టును చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. మీ గేటు చెట్లకు దీపాల తోరణాలు కట్టదలిస్తే మెత్తని తాడుతో కట్టించి, పండుగ కాగానే విప్పించండి. మేకు మాత్రం ఒక్కటి కూడా కొట్టనివ్వకండి.

ఇక మట్టల సంగతి. రాయల్ పామ్ మట్ట మొదలు మానును చుట్టుకుని పచ్చగా, నున్నగా ఒక గొట్టంలాగా ఉంటుంది. మట్ట పండి తన పని పూర్తి చేసుకోగానే ఆ మొదలు దానంతట అదే విడి కింద పడుతుంది, మాను మీద ఒక వలయం మిగులుతుంది. కాబట్టి ఈ చెట్టుకు కత్తి అవసరమే లేదు. పచ్చిగా ఉన్న కింది మట్టలు చెట్టుకు అన్నం వండిపెట్టే ఆకులు మాత్రమే కాదు, పొటాష్ అనే పోషకానికి గాదెలు కూడా. నేలలో పొటాష్ చాలనప్పుడు చెట్టు ముసలి మట్టల్లో ఉన్నదాన్ని లాగి లేత మట్టలకు పంపుకుంటుంది. కింది ఆకుల మీద పసుపు, నారింజ రంగు చుక్కలు వచ్చి కొసలు ఎండుతున్నాయంటే ఆ పని జరుగుతోందని అర్థం. అందంగా లేవని వాటిని నరికితే లోటు తీరదు, అది పై వరుస మట్టలకు ఎక్కుతుంది. ఏటా ఇలా నరుకుతూ పోతే తల చిన్నదై, మాను పైభాగం సన్నబడి, ఆ సన్నదనం చెట్టు బతికినన్నాళ్ళూ కనిపిస్తూనే ఉంటుంది. పూర్తిగా ఎండిన మట్ట వేలాడుతుంటే తీయండి, పచ్చదాన్ని ఉంచండి. రాయల్ పామ్ మట్ట పది అడుగులకు పైగా పొడవుండి బరువుగా పడుతుంది కనుక, చెట్లు ఎత్తయ్యాక వాటి కింద కారు నిలపవద్దని మీ నాన్నగారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

తోటపని ఆయన మాటకు ఒక ఆధారం లేకపోలేదు. నేలలో పెరిగిన పెద్ద చెట్టును వేళ్ళు నరికి తవ్వి తెచ్చినప్పుడు, ఉన్న వేళ్ళు అన్ని మట్టలకూ నీళ్ళు అందించలేవని కింది వరుస కొంత తీసి మిగిలినవాటిని కలిపి కడతారు. మా కడియం నర్సరీల నుంచి లారీల్లో వెళ్ళే పెద్ద చెట్లను మీరు చూసే ఉంటారు, వాటికి తలపాగా చుట్టినట్టు మట్టలు కట్టి ఉండేది అందుకే. మీవి సంచుల్లో పెరిగిన మొక్కలు, వేళ్ళు చెదరకుండా వచ్చాయి, కాబట్టి వాటికి ఆ అవసరం లేదు. వాటికి కావలసినది మొదటి ఆరు నెలలు పాదు ఆరిపోకుండా నీళ్ళు, నీళ్ళు నిలవకుండా వాలు. సంచిలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతున ఉండాలి. గట్టిగా నిలబడుతుందని మెడ దాకా మట్టి కప్పితే వేళ్ళకు గాలి అందక మొక్క ఏడాదికో రెండేళ్ళకో చిక్కిపోతుంది. ఒకసారి పాదు పక్కన మట్టి తీసి చూడండి.

పురుగుల గురించి మీరు అడగలేదు, అయినా ఇది రాయకుండా ఉత్తరం ముగించలేను. కొబ్బరి రైతులు కొమ్ము పురుగు అని పిలిచే నల్లని పెద్ద పెంకుపురుగు రాత్రిపూట వచ్చి, ముడుచుకుని ఉన్న లేత మట్టను తొలుచుకుంటూ లోపలికి వెళుతుంది. అప్పుడు మనకేమీ తెలియదు. కొన్ని వారాల తరువాత ఆ మట్ట విచ్చుకున్నప్పుడు కత్తెరతో కత్తిరించినట్టు విసనకర్ర ఆకారంలో కోతలు కనిపిస్తాయి. అది గుడ్లు పెట్టేది మాగని పశువుల ఎరువులో, కుళ్ళుతున్న మొద్దుల్లో. అందుచేత పాదులో వేసే ఎరువు బాగా చివికినదై ఉండాలి, మిగిలినది చెట్టు పక్కన కుప్పపోయకూడదు. వేప పిండిని ఇసుకతో కలిపి పై మట్టల మొదళ్ళలో వేయడం కొబ్బరి తోటల్లో అందరూ చేసే పని, మీ చిన్న చెట్లకూ అది పనికివస్తుంది. దీనికంటే ప్రమాదకరమైనది ఎర్రముక్కు పురుగు. గాయాల వాసనకు వచ్చి ఆ గాయాల్లో గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగులు లోపలి మెత్తని భాగాన్ని తినేస్తాయి. మాను మీద గోధుమ రంగు జిగురు కారడం, చెవి ఆనిస్తే కొరుకుతున్న చప్పుడు వినిపించడం, చివరికి మొవ్వు వాలిపోవడం దాని గుర్తులు. పచ్చి మట్టలు నరకవద్దని నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి ఇది కూడా కారణం: ప్రతి పచ్చి కోతా ఆ పురుగుకు తెరిచిన తలుపు.

ఆకుల అడుగున తెల్లని దూదిలాంటి చుట్టలు, కింది ఆకుల మీద మసిపూసినట్టు నలుపు కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడి, ఆ తరువాత మన కొబ్బరి తోటలకూ వచ్చింది. అలంకరణ పామ్‌లనూ వదలదు. గట్టి నీటిధారతో ఆకుల అడుగు కడిగించండి. కనిపించగానే ఘాటైన మందులు కొట్టిస్తే దాన్ని అదుపు చేసే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగలు కూడా చనిపోతాయి.

అరెకా పామ్‌ది మరో స్వభావం. పేరు మన పోకచెట్టుదే అయినా ఇది మడగాస్కర్ నుంచి వచ్చిన వేరే మొక్క. మొదలు నుంచి పిలకలు వేసి పొదలా పెరుగుతుంది కాబట్టి, ఒక కాడ పోయినా పొద పోదు. ఎండిన కాడను నేలమట్టానికి కోసివేయవచ్చు. దీనికి పడనిది ఉప్పు. మా పెద్దలు కొబ్బరి పాదులో ఉప్పు వేసేవారని విని మీరు దీనికి వేయకండి. మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరుగుతాయి, అప్పుడు పట్టి ఉంచిన వాన నీళ్ళు పోయండి.

వెనుక ఖాళీ స్థలంలో ఇంకేమి నాటాలని చిన్నవాడు అడిగాడు. చేప తోకలాంటి ఆకులున్న జీలుగు నాటమంటాను. మన ఏజెన్సీ అడవుల చెట్టు, రంపచోడవరం వైపు దాని కల్లు గీస్తారు. ఎదగడం పూర్తయ్యాక పై నుంచి మొదలుపెట్టి కిందికి ఒక్కొక్క గెల వేస్తూ వచ్చి, చివరి గెలతో చెట్టు చనిపోతుంది. అది దాని ఆయుష్షు, మీ పెంపకంలో లోపం కాదు. పండ్లను మాత్రం చేత్తో నలపకండి, విపరీతమైన దురద పుడుతుంది.

మీకు ఒక పని చెబుతాను. రాయల్ పామ్ నడుమ ఈటెలా నిలబడిన విచ్చుకోని మట్ట మీద, పక్క మట్ట కాడకు సరిసమానంగా చెరగని సిరాతో సన్నని గీత పెట్టండి. మొవ్వు బతికి పనిచేస్తుంటే ఆ గీత రోజురోజుకూ పైకి జరుగుతుంది. ప్రతి ఆదివారం కొలిచి రాసుకుని, ఒక నెల లెక్క నాకు పంపండి. రెండు చెట్లకూ వేరువేరుగా రాయడం మరవకండి.

మీ తాతయ్య