సత్యాగ్రహం, స్వరాజ్యం: మా క్లాసులో ఏటా వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో గ్రూప్-2 అభ్యర్థులకు ఆధునిక చరిత్ర చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. బ్యాచ్‌లు మారతాయి, సిలబస్ మారుతుంది. అపోహలు మాత్రం సీనియర్ల నోట్సుతోపాటు జిరాక్స్ అయి జూనియర్లకు చేరతాయి. ఈ నెల సత్యాగ్రహం చాప్టర్ మళ్లీ వచ్చింది. ఏటా నోటితో చెప్పేవాటిని ఈసారి రాసిపెడుతున్నాను.

అపోహ: అహింస అంటే కొడితే పడి ఉండటం.

"చేతకానివాళ్ల పద్ధతి కదా సార్" అని వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఈ మాట గాంధీకీ గుచ్చుకుంది. 1906 సెప్టెంబరు 11న దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో భారతీయులు సభ పెట్టి, తాము వేలిముద్రలిచ్చి పేర్లు నమోదు చేసుకోవాలన్న రిజిస్ట్రేషన్ శాసనానికి లొంగబోమని ప్రమాణం చేశారు. అప్పటికి ఆ పోరాటానికి సొంత పేరు లేదు. మన పుస్తకాల్లో 'సాత్విక నిరోధం' అని కనిపిస్తుందే, దాని ఇంగ్లిషు మాట 'పాసివ్ రెసిస్టెన్స్'నే వాడేవారు. అది బలహీనుల ఆయుధం అన్నట్టు ధ్వనిస్తోందని గాంధీకి నచ్చలేదు. అక్కడ తాను నడిపే 'ఇండియన్ ఒపీనియన్' పత్రికలో మంచి పేరు సూచించినవారికి బహుమతి ప్రకటించారు. బంధువు మగన్‌లాల్ గాంధీ 'సదాగ్రహం' అని పంపితే దాన్ని 'సత్యాగ్రహం'గా దిద్దుకున్నారు. పిరికితనం, హింస ఈ రెండే దారులైతే హింసనే ఎంచుకోమంటానని 1920లో రాసింది కూడా ఆయనే. ఇది చెప్పగానే ఫోన్ చూసుకుంటున్నవాళ్లు కూడా తలెత్తుతారు.

1930లో బందరు కోనేరు సెంటర్‌లో తోట నరసయ్య నాయుడు జెండా ఎగరేయబోతే లాఠీలు విరుచుకుపడ్డాయి. స్పృహ తప్పేదాకా ఆయన జెండా వదల్లేదు. ఆయన్ని చేతకానివాడని ఎవరైనా అనగలరా?

అపోహ: గాంధీ ఈ ఆలోచన అమెరికా రచయిత థోరో దగ్గర తీసుకున్నారు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. మొదటి ఐదారేళ్లు ఒక గైడు చూసి నేనూ ఇలాగే చెప్పాను. ఆ బ్యాచ్‌ల వాళ్లు ఎక్కడైనా చదువుతుంటే క్షమించాలి. థోరో రాసిన 'సివిల్ డిసొబీడియన్స్' (శాసనోల్లంఘన) వ్యాసం తన చేతికి వచ్చేసరికే దక్షిణాఫ్రికాలో పోరాటం బాగా ముందుకు సాగిందని గాంధీ 1935లో స్పష్టంగా ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం అందుకున్నది మన తెలుగువాడే, భారత సేవక సమాజానికి చెందిన కోదండరావు. థోరో అంటే గాంధీకి గౌరవం ఉంది, ఇంగ్లిషు పాఠకుల కోసం 'సివిల్ డిసొబీడియన్స్' అన్న మాటను వాడుకున్నారు. అంతవరకే.

అపోహ: గాంధీ ఆజ్ఞాపించారు, గుంటూరు జిల్లా కదిలింది.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే జరిగింది దాదాపు తిరగబడి ఉంది.

చీరాల-పేరాల తీసుకోండి. అప్పట్లో అది గుంటూరు జిల్లాయే. రెండూళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేసేసరికి, ఏడాదికి 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలకు ఎగబాకింది. జనం కట్టమన్నారు. ఎడింబరోలో చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వాళ్ల ముందు నిలబడ్డారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చేనాటికే గొడవ ముదిరింది. ఆయన రెండు దారులు చెప్పారు: పన్ను కట్టకుండా శిక్ష భరించండి, లేదా ఊరే ఖాళీ చేయండి. మునిసిపల్ హద్దుల్లో మనుషులే లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తారు? దాదాపు 13 వేలమంది ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకుని పదకొండు నెలలు ఉన్నారు.

ఒకసారి క్లాసులో ఇది చెబుతుంటే ముందు వరుసలో ఒకమ్మాయి "మరి నీళ్లు, దొడ్లు ఎలా సార్?" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అసలు ప్రశ్న అదే. పాకలు ఎవరు వేశారు, తగాదాలు ఎవరు తీర్చారు, కాపలా ఎవరు కాశారు? ఈ పనులకే దుగ్గిరాల 'రామదండు' అనే వాలంటీర్ల దళాన్ని తయారుచేశారు. ఉపన్యాసం ఒక్కరోజుతో అయిపోతుంది, పదకొండు నెలలు నిలబెట్టేది ఈ చాకిరీయే. చివరికి దుగ్గిరాలను జైల్లో పెట్టాక నడిపించేవాళ్లు కరువై జనం ఇళ్లకు తిరిగొచ్చారు, మునిసిపాలిటీ ఉండిపోయింది. ఓడిపోయారు. అది కూడా నోట్సులో రాసుకోండి.

ఇక గుంటూరు జిల్లాలోనే పెదనందిపాడు పన్నుల నిరాకరణ. నేను బోర్డు మీద నాలుగు మాటలు రాస్తాను: కరణం, మునసబు, తలారి, వెట్టి. కలెక్టరు బంగళా నుంచి ఊరి కళ్లందాకా తెల్లదొరతనం నడిచేది ఈ నలుగురి మీద. శిస్తు ఎవరు ఎంత బాకీయో కరణం లెక్కలో ఉంటుంది, వసూలు చేసేది మునసబు, ఊరి కాపలా తలారిది, కబుర్లు మోసే చాకిరీ వెట్టిది. ఒక్కొక్క పేరూ డస్టర్‌తో తుడిచేసి, "ఇప్పుడు దొర ఎవరిని అడుగుతాడు?" అంటాను. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో 1921 చివర్లో, 1922 మొదట్లో జరిగింది ఇదే. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు, రైతులు కిస్తు కట్టలేదు, శాంతిసేన వాళ్లు ఊళ్లలో గొడవ జరక్కుండా చూశారు. సర్కారు సైన్యాన్ని తిప్పింది, గొడ్లనూ సామాన్లనూ జప్తు చేసింది. వేలం పెడితే పాడేవాడు లేడు.

'చౌరీచౌరా వల్ల పెదనందిపాడు ఆగింది' అని ఒక్క వాక్యంలో రాసేస్తారు. ఉత్తరప్రదేశ్‌లోని చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషన్ తగలబెట్టి పోలీసులను చంపారు, దాంతో గాంధీ ఉద్యమాన్నే ఆపేశారు; అది జరిగింది ఫిబ్రవరి 4న. జనవరిలోనే గాంధీ ఆంధ్ర కాంగ్రెస్ నాయకుడు కొండ వెంకటప్పయ్య గారికి జాగ్రత్త చెబుతూ రాశారు. శాసనోల్లంఘనకు దిగే ముందు ఖద్దరు కట్టడం, అంటరానితనం విడిచిపెట్టడం, మతసామరస్యం లాంటి షరతులు 1921 నవంబరులో ఢిల్లీలో ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) పెట్టింది కదా, అవి అక్కడ నిజంగా నెరవేరాయా అని ఆయన సందేహం. అంటే ఇక్కడి రైతులు ముందుకు ఉరుకుతుంటే ఆయన కళ్లెం పట్టుకున్నారు. చివరికి ఫిబ్రవరిలో పన్నులు కట్టేయమనక తప్పలేదు. ఆపడం సరైందా కాదా అన్నది మా క్లాసులో ఏటా తేలని వాదన. నా మటుకు నేను రైతుల పక్షం, కానీ గాంధీ అడిగిన ప్రశ్న తప్పు కాదు.

అపోహ: స్వరాజ్యం అంటే తెల్లవాళ్లు వెళ్లిపోవడం.

1909 నవంబరులో లండన్ నుంచి దక్షిణాఫ్రికాకు ఓడలో వెళ్తూ గాంధీ పది రోజుల్లో 'హింద్ స్వరాజ్' రాశారు. గుజరాతీలో, కుడిచెయ్యి నొప్పి పుడితే ఎడమచేత్తో. మరుసటి ఏడాదే బొంబాయి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పుస్తకమంతా పాఠకుడు, సంపాదకుడు అనే ఇద్దరి సంభాషణ, సంపాదకుడి మాట గాంధీదే. అందులో పాఠకుడు 'ఇంగ్లిషువాళ్లు పోతే చాలు' అన్న ధోరణిలో మాట్లాడితే, సంపాదకుడు 'నీకు పులి వద్దు, పులి స్వభావం మాత్రం కావాలి' అని తిప్పికొడతాడు. ఆయన లెక్కలో స్వరాజ్యం అంటే ముందు ఎవరి మీద వాళ్లకు అదుపు. డిప్యూటీ తహసీల్దారైతే సైరన్ బండి వస్తుందా అని అడిగే మా పిల్లలకు ఈ పేజీ రెండుసార్లు చదివిస్తాను.

రైళ్లూ, వకీళ్లూ, డాక్టర్లూ దేశాన్ని చెడగొట్టారన్న అధ్యాయాలు మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడవు. రైలే లేకపోతే 1921 మార్చి నెలాఖరున ఏఐసీసీ సభ్యులు బెజవాడ చేరేదెట్లా? ఆ సమావేశం పెట్టుకున్న లక్ష్యాలు చూడండి: తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు, అన్నీ జూన్ 30 లోపు. పులి స్వభావం వదిలించుకునే పని ఇలా లెక్కల్లోకి దిగింది.

అపోహ: దేవుణ్ణి నమ్మనివాడు సత్యాగ్రహి కాలేడు.

దీనికి జవాబు విజయవాడలోనే ఉంది. 1947లో ముదునూరు నుంచి అక్కడికి మారిన నాస్తిక కేంద్రం స్థాపకుడు గోరా. పచ్చి నాస్తికుడు, అంటరానితనం మీద పోరాడినవాడు, గాంధీతో కూర్చుని వాదించినవాడు. దైవమే సత్యం అంటూ వచ్చిన గాంధీ 1931 నాటికే సత్యమే దైవం అని మాట మార్చుకుని ఉన్నారు. అందుకే ఇద్దరికీ మాట కలిసింది. గోరా తన పెద్ద కూతుర్ని దళిత యువకుడికి ఇస్తానంటే సేవాగ్రాంలో పెళ్లి చేయడానికి గాంధీ ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరున్న చోట సత్యం అని మారుస్తాననీ అన్నారు. 1948 మార్చిలో సేవాగ్రాంలోనే ఆ పెళ్లి జరిగింది. ప్రమాణం మారుస్తానన్న మనిషి మాత్రం జనవరి 30నే వెళ్లిపోయారు.