‘ఏ దేశం సేఫ్ అండీ?’: ఏడాది విదేశీ కాపురంపై అపోహలు - వాస్తవాలు

భీమవరంలో వీసా ఫైళ్ల పని చూసే నా దగ్గరికి ఈమధ్య కొత్త రకం కుటుంబాలు వస్తున్నాయి. స్థిరపడిపోదామని వెళ్లేవాళ్లు కారు. కంపెనీ ఏడాది డెప్యుటేషన్ మీద పంపుతోందనో, యూనివర్సిటీలో విజిటింగ్ స్కాలర్‌గా అవకాశం వచ్చిందనో, ఎలాగూ ల్యాప్‌టాప్ ఉద్యోగమే కదా, ఒక ఏడాది పిల్లలకు బయటి ప్రపంచం చూపిద్దామనో బయల్దేరేవాళ్లు. చాలామందికి రెండు మూడు దేశాల్లో ఒకటి ఎంచుకునే వీలుంటుంది. కుర్చీలో కూర్చోగానే అడిగేది ఒకటే: ‘‘వీటిలో ఏది సేఫ్ అండీ?’’

కోనసీమ సేఫేనా అని మనల్ని ఎవరైనా అడిగితే ఏం చెబుతాం? ఏ ఊరు, ఏటిగట్టుకు ఇవతలా అవతలా, ఏ నెలలో అని ఎదురు ప్రశ్న వేస్తాం. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజున లంకల్లో జనం పడవలెక్కుతుంటే, గట్టుకు ఇవతల ఊళ్లో సంత మామూలుగానే సాగుతుంది. విదేశం అనేసరికి మాత్రం ఆ తెలివి పక్కన పెట్టేసి దేశం మొత్తానికీ ఒకే మార్కు వేసేస్తాం. నా టేబుల్ దగ్గర తరచూ వినిపించే మాటలు ఇవి.

అపోహ: ర్యాంకుల్లో పైన ఉన్న చోటికి వెళ్తే ఇక భయం లేదు.

ప్రపంచ శాంతి సూచీలో 2008 నుంచి ఐస్‌లాండ్‌దే మొదటి స్థానం. కాదనలేం. కానీ ఆ సూచీ కొలిచేది యుద్ధాలు, సైనిక ఖర్చు, ఆయుధాల ఎగుమతులు, హత్యలు, జైళ్లలో ఉన్నవాళ్ల సంఖ్య లాంటివి. మీ అబ్బాయి బడికి వెళ్లే రోడ్డు అందులో ఉండదు. వాడి ఊపిరితిత్తులూ ఉండవు.

మెల్‌బోర్న్ సంగతే చూడండి. ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ ‘నివాసయోగ్య నగరాల’ జాబితాలో 2011 నుంచి 2017 దాకా వరుసగా ఏడేళ్లు అదే మొదటిది. సరిగ్గా ఆ మధ్యలోనే, 2016 నవంబరు 21 సాయంత్రం అక్కడ ఉరుములతో గాలివాన వచ్చింది. అది రైగ్రాస్ అనే గడ్డి పూతకొచ్చే కాలం. పుప్పొడి రేణువులు తేమకు పగిలి నలుసులై, ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లిపోయాయి. కొద్ది గంటల్లో వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తారు. పదిమంది చనిపోయారు. బాధితుల్లో చాలామందికి అంతకుముందు ఉబ్బసమే లేదు. పూల కాలంలో తుమ్ములు, ముక్కు కారడం, అంతే. భారత, ఆసియా మూలాల వాళ్ల మీద దాని దెబ్బ ఎక్కువగా పడిందని తర్వాతి పరిశీలనల్లో తేలింది.

అందుకని మెల్‌బోర్న్ వద్దని నేననను. మంచి ఊరు. కానీ పిల్లకు ఆయాసమో, కాలం మారితే వదలని తుమ్ములో ఉంటే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ ఊళ్లో ఎలా గడపాలో ఇక్కడి డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. ఉరుముల ఉబ్బసానికి అక్కడ ఇప్పుడు ముందస్తు హెచ్చరికలు ఇస్తున్నారు, ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకుని వాటిని చూసుకుంటే సగం టెన్షన్ తీరుతుంది. ఖర్చు తక్కువని చాలామంది మనసుపడే థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌కీ ఇలాంటి చిక్కే ఉంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అడవులు, పొలాలు తగలబెట్టిన పొగ ఊరంతా కమ్మేస్తుంది. డిసెంబరులో వెళ్లి చూసొచ్చినవాళ్లకు ఆ పొగ సంగతి తెలియదు.

అందుకే దేశాల జాబితా కంటే ముందు ఇంటి జాబితా రాయిస్తాను. ఎవరి వయసెంత, ఎవరికి ఏ జబ్బుంది, బండి ఎవరు నడుపుతారు, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండేదెవరు. ఈ చివరి ప్రశ్నకు మగవాళ్లు కాస్త ఆలోచించి జవాబు చెబుతారు, వాళ్ల భార్యలు మాత్రం వెంటనే చెప్పేస్తారు.

అపోహ: నేరాలు తక్కువుంటే చాలు.

ప్రపంచవ్యాప్తంగా 5 నుంచి 29 ఏళ్ల లోపు వాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నవి రోడ్డు ప్రమాదాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనకు దొంగలు గుర్తొచ్చినంత తొందరగా రోడ్లు గుర్తురావు. అమెరికాలో, గల్ఫ్‌లో, యూరప్‌లో చాలా దేశాల్లో బళ్లు కుడివైపు నడుస్తాయి. ఇక్కడ పెరిగిన పిల్లాడు రోడ్డు దాటేటప్పుడు అలవాటుగా కుడివైపే ముందు చూస్తాడు, అక్కడ బండి వచ్చేది ఎడమవైపు నుంచి. మొదటి నెలంతా చెయ్యి పట్టుకునే దాటించండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉంది కదా అని పెద్దవాళ్లూ నిశ్చింతగా ఉండొద్దు. మన దగ్గర ఇచ్చేది ఏడాదికే. దాని గడువు అలా ఉండగానే, అక్కడ కాపురం పెట్టాక జర్మనీలో మామూలుగా ఆరు నెలలు దాటితే మన లైసెన్సు చెల్లదు. బ్రిటన్‌లో ఏడాది దాకా నడపొచ్చు.

ఇక నీళ్లు. ‘‘మా వాడు కాలవలో పుట్టి పెరిగాడండి, ఈత మేం నేర్పాలా’’ అంటారు. కాలువ ఈత వేరు, మహాసముద్రం ఒడ్డున రిప్ కరెంట్ వేరు. అది మనిషిని ఒడ్డు నుంచి లోపలికి లాక్కుపోతుంది. దానికి ఎదురీదినవాడు గజ ఈతగాడైనా అలిసిపోతాడు. ఎదురీదకుండా తేలుతూ చెయ్యి పైకెత్తి సాయం అడగాలి. ఆస్ట్రేలియా బీచుల్లో ఎరుపు-పసుపు జెండాల మధ్యే దిగాలి. అలలు లేకుండా ప్రశాంతంగా కనిపించే నీటి పట్టీ చాలాసార్లు రిప్ కరెంటే. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు.

ఇల్లు చూసేటప్పుడు ఈత కొలను సంగతీ అడగండి. ఆస్ట్రేలియాలో 30 సెంటీమీటర్లకు మించి లోతున్న కొలనుకు కంచె తప్పనిసరి. బాలిలో విల్లాల ఫొటోలు చూడండి, పడకగది తలుపు తీస్తే నేరుగా నీళ్లే. మూడేళ్ల పిల్ల ఉన్నవాళ్లు ఆ ఫొటో చూపిస్తే నాకు భయమేస్తుంది, వాళ్లకేమో ముచ్చటేస్తుంది.

అపోహ: మనవాళ్లు ఉన్న చోటే క్షేమం.

‘‘ఆయ్, మా తోడల్లుడు అక్కడే ఉంటాడండి.’’ సగం నిజమే. అర్ధరాత్రి చిన్నదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్తే పెద్దవాణ్ని ఎవరి దగ్గర వదలాలి అన్నదానికి తోడల్లుడే జవాబు. కానీ ఆయన ఇల్లు గంట ప్రయాణం దూరంలో ఉంటే ఆ జవాబు పనికిరాదు. పైగా మనవాళ్లు గుంపుగా ఉన్నచోట దొంగలకూ ఓ లెక్క ఉంటుంది. బ్రిటన్‌లో దీపావళి, పెళ్లిళ్ల రోజులు వస్తున్నాయంటే ఆసియా కుటుంబాల ఇళ్లలో బంగారం జాగ్రత్త అని పోలీసులే హెచ్చరిస్తుంటారు. ఏడాది కాపురానికి నాంతాడు, రోజూ పెట్టుకునేవి చాలు. కాసులపేరు లాకరులోనే ఉండనివ్వండి.

అపోహ: ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే వైద్యం గురించి దిగులు లేదు.

ప్రయాణపు బీమా ఆకస్మిక చికిత్సకు. బామ్మగారి షుగరు, బీపీ లాంటి పాత జబ్బులు, కాన్పు అందులో చాలావరకు ఉండవు. ఏ దేశానికి తగ్గ లెక్క ఆ దేశానిది. బ్రిటన్‌కు ఆరు నెలలు మించిన వీసా అయితే హెల్త్ సర్‌ఛార్జి ముందే కట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. కట్టాక వాళ్ల ప్రభుత్వ వైద్యం అందుతుంది. అమెరికాకు జే-1 అనే ఎక్స్‌ఛేంజి వీసా మీద వెళ్లే స్కాలర్‌కూ, వెంట వెళ్లే కుటుంబానికీ ఒక్కో జబ్బుకు కనీసం లక్ష డాలర్ల బీమా తప్పనిసరి. న్యూజిలాండ్‌లో ప్రమాదంలో దెబ్బ తగిలితే పర్యాటకుడికైనా ఏసీసీ అనే ప్రభుత్వ పథకం వర్తిస్తుంది, జ్వరానికి మాత్రం వర్తించదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పథకమైన మెడికేర్‌తో పరస్పర ఒప్పందం ఉన్న దేశాల్లో మనది లేదు.

అపోహ: టీకాలన్నీ వేయించేశాం.

మన ప్రభుత్వ కార్యక్రమంలో వేసేది ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లాలకు. అమెరికా బడుల్లో గవదబిళ్లలు కూడా కలిసిన ఎంఎంఆర్ అడుగుతారు, ఆటలమ్మ టీకా కూడా అడుగుతారు. డోసుల మధ్య వారాల ఎడం ఉండాలి కాబట్టి టికెట్ కొన్నాక మొదలుపెడితే ఆలస్యమే. ఇంకొకటి. మన పిల్లలకు పుట్టగానే వేసిన టీబీ టీకా బీసీజీ వల్ల చర్మం మీద చేసే టీబీ పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు. కంగారు పడకుండా రక్తపరీక్ష అడగండి.

అపోహ: విజిట్ వీసా మీద వెళ్లిపోయి అక్కడ మార్చుకోవచ్చు.

ఏజెంట్లు చెప్పే ఈ మాటంటే నాకు ఒళ్లు మంట. సరైన కాగితాలు లేని మనిషి మోసపోయినా, దెబ్బలు తిన్నా పోలీస్ స్టేషన్ గడప తొక్కడానికి భయపడతాడు. ఇక ఆ దేశం ఎంత సేఫ్ అయితే ఏం లాభం?

అపోహ: ఇంటి సామానుకు, ఇంటి పద్ధతులకు ఎవరు అడ్డొస్తారు?

గసగసాలు యూఏఈలో, సింగపూర్‌లో నిషిద్ధం. మసాలా డబ్బాలోంచి తీసేయండి. కొడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు యూఏఈకి తీసుకెళ్లాలంటే ముందే అనుమతి కావాలి. న్యూజిలాండ్‌లో 14 ఏళ్ల లోపు పిల్లల్ని తగిన కాపలా లేకుండా ఇంట్లో వదిలి వెళ్లడం నేరం. స్వీడన్‌లో పిల్లల్ని కొట్టడం 1979 నుంచీ నిషేధం. ‘‘ఒక్క దెబ్బేగా వేసింది’’ అన్న మాట అక్కడ చెల్లదు.

అపోహ: ఏదన్నా అయితే ఎంబసీ వాళ్లే తీసుకొచ్చేస్తారు.

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ గగనతలం మూసేశారు. మనవాళ్లను వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగ విమానాలు ఎగిరింది రొమేనియా, హంగరీ, పోలండ్, స్లొవేకియాల నుంచి. ఆ సరిహద్దుల దాకా రైళ్లలో, బస్సుల్లో, కొంత దూరం నడిచి చేరుకోవాల్సి వచ్చింది మన మెడిసిన్ పిల్లలే. ఎంబసీ సాయం చేస్తుంది, కానీ మీరు ఎక్కడున్నారో వాళ్లకు తెలియాలి. దిగిన వారంలోపే అక్కడి భారత ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో మీ చిరునామా నమోదు చేయించుకోండి. నలుగురి పాస్‌పోర్టుల గడువూ చూసుకోండి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు. తల్లిదండ్రులవి నిక్షేపంగా ఉండి, చిన్నవాడిది మాత్రం ఏడాది మధ్యలో అయిపోయే ఫైళ్లు నాకు తరచూ కనిపిస్తాయి. అలాంటిది ఇక్కడే రెన్యూవల్ చేయించి, ఆ తర్వాత వీసాకు పెట్టండి.