డేవ్ డ్యూర్సన్: వైకల్య భత్యం గొడవకు మూలం ఎక్కడ?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో మాజీ ఆటగాళ్ల వైకల్య భత్యం గొడవ ఆరినట్టే ఆరి మళ్లీ రాజుకుంటోంది. 2023 ఫిబ్రవరిలో పదిమంది మాజీలు మేరీల్యాండ్‌లోని ఫెడరల్ కోర్టుకెక్కారు. దరఖాస్తులు తిరగ్గొట్టే డాక్టర్లకే ఎక్కువ డబ్బు ముడుతోందన్నది వాళ్ల ఆరోపణ. భత్యం ఇచ్చే ప్లాన్ నిర్వాహకులు కాదంటున్నారు.

ఈ గొడవ అర్థం కావాలంటే మాజీ ఆటగాడు డేవ్ డ్యూర్సన్ కథ దగ్గరికి వెళ్లాలి. షికాగో బేర్స్ జట్టు, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచి తెచ్చుకున్న రెండు ఉంగరాలు, ఇవన్నీ అభిమానులకు కంఠతా వచ్చు. ఒక్కటి మాత్రం చెప్పాలి. అతను సేఫ్టీ, అంటే రక్షణ వరుసలో అందరికంటే వెనక నిలబడేవాడు. బేర్స్ అతన్ని ముందుకు ఉరికించేవాళ్లు. అంత దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, ఎదుటి జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద పడేవాడు. 1986లో ఒక్క సీజన్‌లోనే ఏడుసార్లు అలా కూలదోశాడు. ఆ దెబ్బల్లో తలకూ వాటా ఉంటుంది.

నా దృష్టిలో అసలు మలుపు మైదానంలో లేదు, మీటింగ్ గదిలో ఉంది. వైకల్య దరఖాస్తులు తేల్చే బోర్డులో ఆరుగురు: ముగ్గురు లీగ్ తరఫున, ముగ్గురు ఆటగాళ్ల సంఘం తరఫున. సంఘం పంపినవాళ్లలో డ్యూర్సన్ ఒకడు. తలనొప్పి, మతిమరుపు అంటూ తోటి ఆటగాళ్లు పెట్టుకున్న అర్జీలు అతని ముందుకే వచ్చేవి. 2007లో సెనేట్ విచారణలో, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఎన్నడూ ఆడని తన తండ్రికీ అల్జీమర్స్ వచ్చిందని చెప్పాడు. అర్జీదారులకు ఆ మాట ఎంత గుచ్చుకుని ఉంటుందో ఊహించవచ్చు.

తర్వాత అతనికే తలనొప్పులు, మరుపు మొదలయ్యాయని కుటుంబం చెప్పింది. 2011 ఫిబ్రవరి 17న ఫ్లోరిడాలో యాభయ్యేళ్ల వయసులో ప్రాణం తీసుకున్నాడు. తలను మాత్రం ముట్టుకోలేదు. తన మెదడును, పరిశోధన కోసం మెదళ్లు భద్రపరిచే బ్రెయిన్ బ్యాంక్‌కు ఇవ్వమని ఇంట్లోవాళ్లకు మెసేజ్ పెట్టాడు. మే నెలలో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు సీటీఈ ఉందని తేల్చారు. పదేపదే తగిలే తల దెబ్బలతో వచ్చే మెదడు జబ్బు అది.

దెబ్బల దీర్ఘకాలిక ప్రభావాన్ని లీగ్ 2009లోనే ఒప్పుకుంది, తర్వాత ఆటగాళ్లతో భారీ సెటిల్‌మెంట్ కూడా చేసుకుంది. కానీ అందులో సీటీఈ మరణ పరిహారం 2015 ఏప్రిల్ 22కు ముందు చనిపోయినవాళ్లకే. బతికుండగా సీటీఈని ఖాయంగా తేల్చే పరీక్ష ఇప్పటికీ లేదు. అందుకే మతిమరుపుతో అర్జీ పెట్టుకున్న మాజీ ఆటగాడు ఈ రోజుకీ ప్లాన్ పంపిన డాక్టరు ముందే కూర్చోవాలి.