బత్తాయి మీద ఏ బూజు?

చలికాలంలో వరంగల్ పండ్ల మార్కెట్లో బత్తాయిల ట్రేనో సంత్రాల ట్రేనో కెలికితే అడుగున ఒకటో రెండో మురిగినవి తగులుతాయి. మధ్యలో పచ్చటి పొడి, చుట్టూ తెల్లటి అంచు. "బూజు పట్టింది" అని తీసి పారేస్తారు. ఏ బూజో తెలిస్తే ట్రేలో మిగిలిన కాయలు ఏమవుతాయో కూడా చాలావరకు చెప్పొచ్చు.

నిమ్మజాతి పండ్లను కుళ్లబెట్టడంలో పేరుమోసినవి రెండు, రెండూ పెన్సిలియం అనే ప్రజాతివే (దగ్గరి పోలికలున్న బూజుల గుంపు). పెన్సిలియం డిజిటేటమ్ ఆకుపచ్చ బూజు, పెన్సిలియం ఇటాలికమ్ నీలి బూజు. అలాగని రంగును నమ్ముకుంటే తిప్పలే. ముదిరే కొద్దీ రంగులు మారతాయి, పైగా రెండూ ఒకే కాయ మీద ఉండటమూ మామూలే.

నేనైతే ముందు తెల్లటి అంచు చూస్తాను. డిజిటేటమ్‌కు అది బాగా వెడల్పు. ఇటాలికమ్‌కు సన్నం, దాని బయట తొక్క నీరుపట్టి మెత్తబడి ఉంటుంది. ఆ తర్వాత పక్క కాయలు. డిజిటేటమ్ లోపలికి పోవాలంటే తొక్క మీద గాయం ఉండాలి. కోసేటప్పుడు గీరుకుపోయినా చాలు, కొనేవాళ్లు గోరుతో నొక్కినా చాలు (దయచేసి నొక్కకండి). అందుకే పక్క కాయ మీద పచ్చపొడి రాలినా అది చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. ఇటాలికమ్ అలా కాదు, ఆనుకున్న మంచి కాయలోకి గాయం లేకపోయినా పాకుతుంది. నాలుగైదు కాయలు ఒకేచోట గుంపుగా కుళ్లాయంటే నా అనుమానం దాని మీదే.

వేడి కూడా ఆనవాలే. 25 డిగ్రీల దగ్గర డిజిటేటమ్‌దే జోరు, మెత్తటి మచ్చ నాలుగైదు రోజుల్లో పొడిగా మారుతుంది. 10 డిగ్రీల లోపు, అంటే ఫ్రిజ్‌లో, ఇటాలికమ్‌ది పైచేయి. మే నెలలో మన దగ్గర 40 దాటితే రెండూ డీలా పడతాయి. అప్పుడు కనిపించే నల్లపొడి ఆస్పర్జిల్లస్ నైగర్ అనే వేరే బూజుది కావచ్చు. రంగుపొడి లేకుండా నీరు కారుతూ, పుల్లటి వాసనకు ఈగలు ముసిరితే అది జియోట్రైకమ్ అనే మరో శిలీంధ్రం, పెన్సిలియమే కాదు.

ఖాయంగా తేల్చాలంటే మైక్రోస్కోప్ కావాలి. డిగ్రీ కాలేజీ బాటనీ ల్యాబ్‌లో ఉన్నది చాలు. సెల్లోటేప్ ముక్కను బూజుకు మెల్లగా తాకించి, స్లైడ్ మీద లాక్టోఫినాల్ కాటన్ బ్లూ (బూజుకు నీలిరంగు పట్టించే ద్రావణం) చుక్కలో అంటించాలి. 400 రెట్లు పెంచి చూస్తే చిన్న చీపురుకట్టల్లాంటివి, వాటి కొసల్లో గొలుసులుగా సిద్ధబీజాలు (బూజును వ్యాపింపజేసే విత్తనాల్లాంటి రేణువులు) కనిపిస్తాయి. డిజిటేటమ్ బీజాలు పెద్దవి, కోలగా ఉంటాయి, పొడవు సుమారు 6 నుంచి 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చీపురు కూడా చిందరవందరగా, తక్కువ కొమ్మలతో ఉంటుంది. ఇటాలికమ్ బీజాలు 4, 5 మైక్రాన్లే, కట్ట పొందికగా ఉంటుంది.

అయినా పెన్సిలియంలు తికమక పెట్టడంలో దిట్టలు. 1928లో శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కంటపడ్డ, పెన్సిలిన్ మందునిచ్చిన బూజుకే మొదట పెన్సిలియం రుబ్రమ్ అని తప్పు పేరు పడింది, తర్వాత శిలీంధ్ర శాస్త్రవేత్త చార్లెస్ థామ్ సరిదిద్దాడు. ఇప్పుడు శిలీంధ్రాలను గుర్తించడానికి ఐటీఎస్ అనే డీఎన్ఏ ముక్కను చదువుతారు. ఈ ప్రజాతిలో దగ్గరి చుట్టాలను విడదీయడానికి అదొక్కటే చాలదు. దానికి తోడుగా బీటా ట్యూబులిన్ జన్యువునూ చదవాల్సిందే.