వైట్ సాక్స్ ఏప్రిల్ కష్టాలు: ఇది రెండో రీబిల్డ్, మరి మొదటిది ఏమైంది?

ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఒకటే ప్రశ్న. అరోరా బాలాజీ గుడి క్యాంటీన్‌లో దోశ కోసం లైన్లో నిలబడి ఉంటానా, నా నల్ల టోపీ మీద మా షికాగో బేస్‌బాల్ టీమ్ వైట్ సాక్స్ లోగో చూసి ఎవడో ఒక తమ్ముడు "ఏంటన్నా, మీవాళ్ళు ఈ వారమైనా ఒకటి గెలిచారా?" అని అడుగుతాడు. అడిగేవాడు ఊళ్ళోని ఇంకో టీమ్ కబ్స్ ఫ్యానే అయ్యుంటాడు, షికాగో సబర్బ్స్‌లో మనవాళ్ళు ఎక్కువగా అటే. నేను కూడా నవ్వేసి "రీబిల్డ్ కదా తమ్ముడూ, అంతా కుర్రాళ్ళు, కాస్త టైమ్ పడుతుంది" అంటాను. అదే మాట 2017లో కూడా అన్నాను. అసలు గొడవంతా అక్కడే ఉంది, టీమ్ ఓడిపోతోందని కాదు నా బాధ, ఒకసారి ఈ నరకం దాటి వచ్చాక మళ్ళీ మొదటి మెట్టు మీద ఎందుకున్నాం అని.

ముందు బేస్‌బాల్ అంతగా ఫాలో అవ్వనివాళ్ళకి ఒక్కమాట. మన ఐపీఎల్‌లో హైదరాబాద్ సన్‌రైజర్స్ 2023లో 14కి 4 గెలిచి అట్టడుగున ఉండి, ఆ డిసెంబర్ వేలంలో కమిన్స్‌ని 20.5 కోట్లకి కొని, తర్వాతి ఏడాదే ఫైనల్‌కి వెళ్ళిపోయింది చూడండి, అలాంటిది ఇక్కడ కుదరదు. ఇక్కడ వేలం లేదు. కుర్రాళ్ళని డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్తవాళ్ళని ఎంచుకునే చోట తీసుకోవాలి, లేదా మన స్టార్‌ని ఇంకో టీమ్‌కి ఇచ్చేసి వాళ్ళ దగ్గర మైనర్ లీగ్స్‌లో (కింది స్థాయి టీమ్స్‌లో) ఉన్న పిల్లల్ని తెచ్చుకోవాలి, వాళ్ళు పైకి రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది, వచ్చాక దాదాపు ఆరేళ్ళు తక్కువ జీతానికి మన చేతిలో ఉంటారు. ఆ ఆరేళ్ళలో ఓ మూడు నాలుగేళ్ళు అందరూ ఒకేసారి ఫామ్‌లో ఉంటారు, అప్పుడు జేబులో చెయ్యి పెట్టి పెద్ద ప్లేయర్లని కొని పక్కన నిలబెట్టాలి. అంటే రీబిల్డ్‌కి రెండు సగాలున్నాయన్నమాట, ఓడిపోవడం మొదటి సగం, ఖర్చు పెట్టడం రెండో సగం. మొదటి సగం మావాళ్ళకి బ్రహ్మాండంగా వచ్చు.

ఎంత బ్రహ్మాండంగా అంటే 2024 మొదలు చూడండి. ఓపెనింగ్ డే డెట్రాయిట్ టైగర్స్ మీద 1-0తో ఓటమి, ఆరోజు గ్యారెట్ క్రోషే అనే కుర్రాడు మేజర్ లీగ్స్‌లో మొదటిసారి స్టార్టింగ్ పిచర్‌గా (మ్యాచ్ మొదలుపెట్టే బౌలర్ అనుకోండి) దిగి ఆరు ఇన్నింగ్స్‌లో ఒక్క రన్నే ఇచ్చాడు, మావాళ్ళు ఆ ఒక్కటి కూడా కొట్టలేకపోయారు. ఆ తర్వాత ఎలాయ్ హిమెనెజ్‌కి గాయం, లూయిస్ రాబర్ట్‌కి గాయం, యోవాన్ మొంకాడాకి గాయం, పది పన్నెండు రోజుల్లో ముగ్గురూ ఔట్. మొదటి 25 మ్యాచుల్లో 3 గెలుపులు, 22 ఓటములు. ఆ నెలలో మా స్టేడియం గురించి దేశం మొత్తం చెప్పుకున్న ఒకే ఒక్క మంచి మాట అక్కడ కొత్తగా పెట్టిన క్యాంప్‌ఫైర్ మిల్క్‌షేక్, నిజంగా, ఆట కోసం కాదు మిల్క్‌షేక్ కోసం వచ్చాం అన్నవాళ్ళున్నారు. జులై ఆగస్టుల్లో వరసగా 21 ఓటములు. చివరికి 41-121. 1962లో పుట్టిన ఏడాదే 120 ఓడిన న్యూయార్క్ మెట్స్ రికార్డుని సెప్టెంబర్ 27న మళ్ళీ అదే డెట్రాయిట్ చేతిలో బద్దలుకొట్టాం. మెట్స్ అప్పుడు కొత్త టీమ్, మిగతావాళ్ళు వదిలేసిన ఆటగాళ్ళతో ఆడారు. మాది 1901 నుంచీ ఉన్న టీమ్.

సరే, ఇదంతా ఎక్కడ మొదలైంది? 2005లో వరల్డ్ సిరీస్ గెలిచారు, హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ని 4-0తో ఊడ్చేశారు, 88 ఏళ్ళ తర్వాత కప్పు. 2008లో ఒకసారి ప్లేఆఫ్స్. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అటూ కాదు ఇటూ కాదు, బాగా ఆడరు, మరీ అన్యాయంగానూ ఆడరు, ఏటా ఒకళ్ళిద్దర్ని అతికించి ఈసారి చూడండి అనేవాళ్ళు. ఆ అతుకుల పనికి పరాకాష్ఠ 2016 జూన్, జేమ్స్ షీల్డ్స్ అనే వయసైపోతున్న పిచర్ కోసం శాన్ డియేగోకి ఒక పదిహేడేళ్ళ కుర్రాణ్ణి ఇచ్చేశారు, ఆ కుర్రాడి పేరు ఫెర్నాండో టటిస్ జూనియర్. ఇది చదివిన బేస్‌బాల్ ఫ్యాన్స్ ఇక్కడ ఒక నిమిషం ఆగి మమ్మల్ని తలుచుకుని జాలిపడొచ్చు. అదే ఏడాది జులైలో మా బెస్ట్ పిచర్ క్రిస్ సేల్‌కి ఆరోజు వేసుకోవాల్సిన పాతకాలం జెర్సీలు నచ్చక కత్తెర తీసుకుని కత్తిరించేశాడు. ఇల్లు అలా ఉంది.

2016 డిసెంబర్‌లో ఆటగాళ్ళని తెచ్చే, పంపే పని చూసే జనరల్ మేనేజర్ రిక్ హాన్ ఇక చాలు అని మొత్తం విప్పేశాడు. సేల్ బోస్టన్‌కి, బదులుగా మొంకాడా, మైకేల్ కోపెక్. మర్నాడే ఆడమ్ ఈటన్ వాషింగ్టన్‌కి, బదులుగా లూకాస్ జియోలిటో, రేనాల్డో లోపెజ్, డేన్ డన్నింగ్. 2017 జులైలో హోసే కింటానాని సాక్షాత్తూ మా పక్కింటి కబ్స్‌కే ఇచ్చి హిమెనెజ్‌నీ డిలన్ సీస్‌నీ తెచ్చుకున్నాడు. మధ్యలో క్యూబా నుంచి రాబర్ట్‌ని 26 మిలియన్ డాలర్ల బోనస్ ఇచ్చి తీసుకున్నారు. నేను ఫ్యాన్ అయ్యింది అప్పుడే, మా ఆఫీసులో సౌత్ సైడ్‌లో పుట్టిపెరిగిన ఒక పెద్దాయన టికెట్ చవక, పార్కింగ్ దొరుకుతుంది, ఇప్పుడు ఎక్కితే పైకి వెళ్ళేటప్పుడు నువ్వూ బండిలో ఉంటావు అని లాక్కెళ్ళాడు. 2018లో 100 ఓటములు. అయినా ఎవరికీ బాధ లేదు, ప్రతి రాత్రి మైనర్ లీగ్ స్కోర్లు చూసుకోవడమే పని, హిమెనెజ్ ఎలా కొట్టాడు, కోపెక్ ఎంత స్పీడ్ వేశాడు, సీస్ ఎక్కడున్నాడు. ఓడిపోయే టీమ్‌ని చూస్తూ అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

రెండో సగం పరీక్ష 2019 ఫిబ్రవరిలో వచ్చింది. స్టార్ ప్లేయర్ మ్యానీ మచాడో ఫ్రీ ఏజెంట్, అంటే కాంట్రాక్ట్ అయిపోయి ఏ టీమ్‌కైనా వెళ్ళొచ్చు, 26 ఏళ్ళు, మావాళ్ళు ఆఫర్ ఇచ్చారని వార్తలు, చలికాలమంతా అదే చర్చ. అతన్ని ఆకట్టుకోడానికేనని జనం అనుకున్నారు గానీ అతని బావమరిది యోండర్ అలాన్సోని ముందే తెచ్చిపెట్టుకున్నారు, స్నేహితుడు జాన్ జేని కూడా తెచ్చారు. ఏమైంది? మచాడో 300 మిలియన్లకి శాన్ డియేగో వెళ్ళిపోయాడు. పెళ్ళికొడుకు రాలేదు, బావమరిది మాత్రం విడిదిలో దిగిపోయాడు, ఆ సీజన్ జీతం ఇచ్చి కూర్చోబెట్టుకోవాల్సి వచ్చింది, సగం సీజన్‌కే తీసేశారనుకోండి. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, ఎప్పుడో ఒకప్పుడు ఖర్చు పెడతాం అని హాన్ చెప్పాడు. సాక్స్ ఫ్యాన్స్ ఆ మాటని ఇప్పటికీ ఎత్తిపొడుపుగా వాడతారు.

పక్కింటి వాళ్ళతో పోల్చుకుంటే ఇంకా మండుతుంది. కబ్స్ 2012లో 101 ఓడారు, అదీ రీబిల్డే, కానీ పిల్లలు చేతికొస్తున్నారనగానే 2014 డిసెంబర్‌లో పిచర్ జాన్ లెస్టర్‌కి 155 మిలియన్లు ఇచ్చారు, 2016లో 108 ఏళ్ళ కరువు తీరింది. వైట్ సాక్స్ తమ చరిత్రలో ఒక్క ప్లేయర్‌కి కూడా 100 మిలియన్ల కాంట్రాక్ట్ ఇవ్వలేదు. అతి పెద్దది 2023లో ఆండ్రూ బెనింటెండీకి ఇచ్చిన 75, అది కూడా పిల్లల మంచి రోజులు అయిపోయాక.

పాపం మంచి రోజులు వచ్చాయి, రాలేదని అనను. 2020 కోవిడ్ సీజన్‌లో 35-25, జియోలిటో నో హిట్టర్ (మ్యాచ్ మొత్తంలో ఎదుటివాళ్ళకి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు), హోసే అబ్రేయుకి లీగ్‌లో మేటి ఆటగాడిగా ఎంవీపీ అవార్డు. 2021లో 93 గెలుపులతో డివిజన్ కప్పు, ఆగస్టులో ఐయోవా మొక్కజొన్న చేల మధ్య కట్టిన గ్రౌండ్‌లో యాంకీస్ మీద చివరి ఇన్నింగ్స్‌లో టిమ్ ఆండర్సన్ కొట్టిన హోమ్ రన్, బంతి చేలోకి వెళ్ళి పడింది, నేను ఇంట్లో సోఫా మీద నుంచి లేచి అరిస్తే పైన పడుకున్న పాప లేచి ఏడ్చింది. ఇంకో నాలుగేళ్ళు ఇదే అనుకున్నాం. ప్లేఆఫ్స్‌లో ఆస్ట్రోస్ 3-1తో ఇంటికి పంపారు, సరేలే వచ్చే ఏడాది అనుకున్నాం.

కానీ చెద అప్పటికే పట్టింది. 2020 అయ్యాక మేనేజర్ (మన క్రికెట్‌లో హెడ్ కోచ్ లాంటివాడు) రిక్ రెంటరియాని తీసేశారు, ఈయనది విచిత్రమైన జాతకం, 2014లో కబ్స్ కూడా పిల్లల్ని పెంచినంతకాలం ఈయన్ని ఉంచుకుని టీమ్ తయారవ్వగానే జో మ్యాడన్‌ని తెచ్చి ఈయన్ని పంపేశారు, మళ్ళీ అదే కథ మా దగ్గర. తేడా ఏంటంటే కబ్స్ తెచ్చింది మ్యాడన్‌ని, మా ఓనర్ జెర్రీ రైన్స్‌డార్ఫ్ తెచ్చింది టోనీ లా రుస్సాని. హాల్ ఆఫ్ ఫేమ్ మనిషే, కాదనను, కానీ వయసు 76, చివరిసారి మేనేజర్‌గా పనిచేసింది 2011లో. 1986లో ఆయన్ని ఈ టీమే తీసేసింది, ఆ తప్పు దిద్దుకోవాలని ఓనర్‌కి పాత కోరిక. 2021 మేలో యెర్మిన్ మెర్సెడెస్ అనే కుర్రాడు టీమ్ భారీ ఆధిక్యంలో ఉండగా 3-0 కౌంట్ మీద, అంటే పిచర్ మూడు బంతులు బయటికి వేశాక, హోమ్ రన్ కొడితే అది మర్యాద కాదని లా రుస్సా తన సొంత ప్లేయర్‌నే పబ్లిగ్గా తప్పుపట్టాడు. 2022 జూన్‌లో డాడ్జర్స్ మీద ఇంకా ఘోరం, ట్రే టర్నర్ 1-2 కౌంట్‌లో ఉన్నాడు, అంటే ఇంకొక్క స్ట్రైక్ పడితే ఔట్, అలాంటివాణ్ణి కావాలని ఊరికే ఫస్ట్ బేస్‌కి పంపించాడు, తర్వాత వచ్చిన మ్యాక్స్ మన్సీ మూడు రన్స్ హోమ్ రన్ బాదాడు. స్టాండ్స్‌లో జనం మేనేజర్‌ని తీసెయ్యమని అరిచారు. ఆగస్టు చివర్లో గుండె సమస్యతో ఆయన తప్పుకున్నాడు, ఆ ఏడాది 81 గెలుపులు 81 ఓటములు, తక్కెట్లో తూచినట్టు.

ఇక 2023 కూలిపోవడమే, 61-101. ఆ ఆగస్టులో రిక్ హాన్‌నీ, అతని పైనున్న కెన్ విలియమ్స్‌నీ ఒకేరోజు తీసేశారు. ఆ స్థానంలో బయటి మనిషిని వెతుకుతారేమో అనుకుంటే పది రోజుల్లో ఇంట్లోనే ఉన్న క్రిస్ గెట్జ్‌ని కూర్చోబెట్టారు. అతను 2024 మార్చిలో సీజన్ ఇంకో రెండు వారాలుందనగా సీస్‌ని శాన్ డియేగోకి, ఆ డిసెంబర్‌లో క్రోషేని బోస్టన్‌కి ఇచ్చేశాడు. సేల్‌ని కూడా బోస్టన్‌కే ఇచ్చారు గుర్తుందా, ఎనిమిదేళ్ళు తిరిగేసరికి అదే ఎయిర్‌పోర్ట్ అదే గేట్. ఈసారి వచ్చినవాళ్ళు కైల్ టీల్, బ్రేడన్ మాంట్‌గోమరీ, చేజ్ మైడ్రోత్, వికెల్‌మన్ గొన్జాలెజ్.

ఇందులో కొసమెరుపు డ్రాఫ్ట్. పూర్వం ఎవరు ఎక్కువ ఓడితే వాళ్ళకి మొదటి పిక్, అంటే డ్రాఫ్ట్‌లో మొదట ఎంచుకునే వంతు, 2005 నుంచి అంతే. హ్యూస్టన్ 2011 నుంచి 2013 దాకా మూడేళ్ళూ 100 పైన ఓడి, ఆ పిక్స్‌తో టీమ్ కట్టి 2017లో కప్పు కొట్టేసరికి అందరూ అదే దారి పట్టారు, కావాలని ఓడటం ఒక బిజినెస్ ప్లాన్ అయిపోయింది. ప్లేయర్స్ యూనియన్ గొడవ చేసింది, 2022 అగ్రిమెంట్‌లో మొదటి ఆరు పిక్స్‌కి లాటరీ పెట్టారు, పైగా రెవెన్యూ షేరింగ్‌లో (టీమ్స్ మధ్య ఆదాయం పంచుకోవడంలో) డబ్బు ఇచ్చే పెద్ద సిటీ టీమ్స్‌కి వరసగా రెండేళ్ళు ఆ లాటరీ పిక్ రాకూడదని షరతు. 2024 డ్రాఫ్ట్‌లో మాకు అయిదో పిక్ వచ్చింది కాబట్టి తర్వాతి ఏడాది లాటరీలోనే లేం. అంటే ఆధునిక బేస్‌బాల్‌లో అన్నిటికన్నా ఎక్కువ మ్యాచులు ఓడిన టీమ్‌కి దక్కింది పదో పిక్. ఓడటంలో కూడా టైమింగ్ కుదరలేదు, ఈ రూల్ నాకు న్యాయంగానే అనిపిస్తుంది గానీ ఆ ఏడాదే మామీదే పడాలా.

ఈ లెక్కలన్నీ వెనకాల పెట్టుకుని 2025 ఏప్రిల్ చూశాం. ఓపెనింగ్ డే ఏంజెల్స్ మీద 8-1 గెలుపు, ముందు ఏడాది ఒక్కరోజు కూడా గెలుపులు ఓటములకన్నా ఎక్కువ లేని టీమ్‌కి మొదటిరోజే 1-0 రికార్డు, స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. తర్వాత మామూలే. కానీ 2024లాంటి ఏడుపు కాదు, అందులో చూడ్డానికి ఏమీ లేదు, ఇందులో ఉంది. మిల్‌వాకీ వాళ్ళు కాపాడుకోకుండా వదిలేస్తే రూల్ 5 డ్రాఫ్ట్‌లో తెచ్చుకున్న షేన్ స్మిత్ ఏప్రిల్ మొదట్లో వచ్చి పిచింగ్ మొదలుపెట్టాడు, జులైకి ఆల్ స్టార్ అయ్యాడు. మైడ్రోత్, ఎడ్గర్ కెరో ఏప్రిల్‌లోనే పైకి వచ్చారు. కోల్సన్ మాంట్‌గోమరీ మాత్రం మా మైనర్ లీగ్ టీమ్ షార్లెట్‌లో బంతికి బ్యాట్ తగలక అవస్థపడుతుంటే ఆట మాన్పించి స్వింగ్ సరిచెయ్యడానికి అరిజోనా పంపారు, అయిపోయింది ఇంకో ప్రాస్పెక్ట్ పోయాడు అనుకున్నా, జులైలో వచ్చి సీజన్ అయ్యేలోపు 21 హోమ్ రన్స్ కొట్టాడు. మే 8న కొత్త పోప్ లియో ఎన్నికైనప్పుడు ముందు కబ్స్ ఫ్యాన్ అన్నారు, కాదు వైట్ సాక్సే అని ఆయన అన్నగారే టీవీకి చెప్పారు, 2005 వరల్డ్ సిరీస్‌లో స్టాండ్స్‌లో కూర్చున్న వీడియో కూడా బయటికొచ్చింది. గుడి క్యాంటీన్‌లో ఆ వారం మాత్రం నాదే పైచేయి.

సీజన్ 60-102తో ముగిసింది. లాటరీలో ఈసారి అర్హత ఉంది, 2026 డ్రాఫ్ట్‌కి మొదటి పిక్ మాకే వచ్చింది. జూన్‌లోనే జస్టిన్ ఇష్బియా అనే ఇన్వెస్టర్‌తో ఒప్పందం ప్రకటించారు, 2029 నుంచి 2033 మధ్య రైన్స్‌డార్ఫ్ ఇష్టపడితే టీమ్‌ని ఆయనకి అమ్మొచ్చు, 1981 నుంచి ఉన్న ఓనర్ మరి, తొందరేముంది. డిసెంబర్‌లో జపాన్ స్లగ్గర్ మునెటాకా మురకామిని తెచ్చారు, నేను నిజంగా ఎగిరి గంతేశాను, తర్వాత వివరాలు చదివాను, రెండేళ్ళు, 34 మిలియన్లు. బెనింటెండీ 75 మిలియన్ల రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు.