అదే పాట మళ్ళీ ఎందుకు?

పెరంబూరు, చెన్నై.

చిట్టికీ, కన్నకూ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వేళచ్చేరి మాల్‌లో చిట్టి అడిగిన ప్రశ్నకు ఆ గోలలో జవాబు చెప్పడం కుదరలేదు. డ్యాన్స్ మెషీన్ మీద ఒక కాలేజీ కుర్రాడు వెనకున్న స్టీలు కడ్డీ పట్టుకుని ఆడుతున్నాడు. పాట అయిపోయింది, మార్కులూ బాగానే వచ్చాయి. మళ్ళీ కార్డు గీకి అదే పాట పెట్టాడు. "గెలిచేసిన పాటే మళ్ళీ ఎందుకు ఆడుతున్నాడు తాతయ్యా?" అన్నావు. పాట అదేనమ్మా, ఆట మాత్రం వేరు. రెండోసారి మొదలుపెట్టే ముందు అతను తెర మీద 'మిర్రర్' అని ఎంచుకోవడం నేను చూశాను.

ఇలాంటి మెషీన్లకు పేరు తెచ్చిన ఆట డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్. 1998లో జపాన్‌లో కొనామి కంపెనీ తెచ్చింది. కాళ్ళ కింద నాలుగు బాణాలు, తెర మీద కింద నుంచి పైకి ఎక్కే బాణాలు. పైకి ఎక్కే బాణం తెర పైభాగంలో ఉన్న ఖాళీ బాణంలో సరిగ్గా కూర్చునే వేళకు మన కాలు కింద పడాలి. మిర్రర్ పెడితే ఎడమ కుడి అవుతుంది, ముందుది వెనక్కి పోతుంది. పాటలో మాత్రం ఒక్క దెబ్బ కూడా మారదు.

ఇది మా కోలాటం లాంటిదే. నెల్లూరు దగ్గర మా ఊళ్ళో రామమందిరం ముందు నవరాత్రి పందిట్లో రాత్రి భోజనాలయ్యాక మొదలయ్యేది. పిల్లలం కోలలు చంకలో పెట్టుకుని అన్నం తినేవాళ్ళం, ఎవరైనా ఎత్తుకుపోతారని భయం. గురువుగారు మధ్యలో తాళాలు పట్టుకుని పాట ఎత్తుకునేవారు. నాలుగు రోజులకు ఆ పాటకు అడుగులు కాళ్ళకు పట్టేసేవి. అప్పుడిక అందరూ పందిరి బయట శనక్కాయలవాడి వంక చూస్తూ ఆడేవాళ్ళు. గురువుగారికి అది తెలిసిపోయేది. పాట ఆపకుండానే ఈల వేసేవారు. కోపు, అంటే అడుగుల వరుస, మారాలి. ఇటు తిరిగే వలయం అటు తిరగాలి. కుడివైపు వాడికి తగలాల్సిన కోల ఎడమవైపు వాడికి తగలాలి. ఎవరో ఒకరి వేళ్ళు చితికేవి. ఆ క్షణం నుంచి మళ్ళీ అందరికీ పాట వినపడేది!

ఆ కుర్రాడికి మిర్రర్ చేసింది కూడా అదే. అడుగులు కంఠస్థం అయిపోతే చెవులకు పని ఉండదు. అడుగులు తిరగేస్తే, దారి తెలిసేది పాట వల్లే.

అన్నిటికన్నా జడకోపు చూడాలి మీరు. పైన కట్టిన తాళ్ళు తలా ఒకటి పట్టుకుని ఒకరి కింద నుంచి ఒకరు దూరుతూ ఆడితే పైన జడ అల్లుకునేది. దాన్ని విప్పాలంటే అవే అడుగులు వెనక్కి వేయాలి, పాట మాత్రం ముందుకే పోతుంటుంది. మిర్రర్‌కి ఇంతకన్నా మంచి గురువు నాకు తెలియదు.

'హిడెన్' అని ఇంకోటి ఉంది. బాణాలు సగం దూరం ఎక్కి మాయమైపోతాయి. మా పెట్రోమాక్స్ లైటు గాలి తగ్గి మసకబారినప్పుడు సరిగ్గా అదే జరిగేది. ఎవరో వెళ్ళి పంపు కొట్టేదాకా ఆట ఆగేది కాదు, కోలల చప్పుడు పట్టుకునే తిరిగేవాళ్ళం.

కన్నా, నీకు డోలు ఇష్టం కదా. 2001లో నామ్కో కంపెనీ తైకో నో తత్సుజిన్ అని డోలు ఆట తెచ్చింది. ఎర్ర గుండ్రం వస్తే చర్మం మీద, నీలం వస్తే అంచు మీద కొట్టాలి. దాంట్లో కూడా ఎరుపునీ నీలాన్నీ తారుమారు చేసుకునే వీలుంది.

బాణాలను ఏ లెక్కా లేకుండా కలిపేసే రకం కూడా కొన్ని ఆటల్లో ఉంది. అది నాకంత నచ్చదు. పాట పైకి లేచేచోట కాళ్ళు ఎలా కదలాలో ఎవరో కూర్చుని శ్రద్ధగా అమర్చి ఉంటారు. కలిపేస్తే ఆ అమరిక చెదిరిపోతుంది. మిర్రర్‌లో చెదరదు, దిక్కు మారుతుంది అంతే.

2006లో జపాన్‌లో నింటెండో తెచ్చిన రిథమ్ టెంగోకు ఇంకా ముచ్చటైనది. కొన్ని చిన్న చిన్న ఆటలు విడివిడిగా నేర్పి, ఆ వరుస చివర 'రీమిక్స్' అని పెట్టి, నేర్చుకున్నవన్నీ ఒకే పాటలోకి దింపుతారు. ఏ ఆట ఎప్పుడు వస్తుందో పాటే చెప్పాలి. నవమి నాటి రాత్రి మా గురువుగారు అన్ని కోపులూ ఒకే పాటలో వేయించేవారు. ఊరంతా నిద్ర మానుకుని చూసేది.

ఇవన్నీ మెషీన్ పెట్టినవాళ్ళకు లాభమే, కాదనను. రోజూ కొత్త పాట తేనక్కర్లేకుండానే మనం మళ్ళీ డబ్బు కడతాం. అయినా వచ్చేసిందనుకున్న పాటలో రానిది ఇంకా ఉందని తెలియడం మంచి విద్య. ఎక్కాలు కూడా అప్పుడప్పుడు కింది నుంచి పైకి చెప్పి చూడండి.

తిరగేసిన అడుగు మెదడులో ఎక్కడ ఎలా సర్దుకుంటుందో చెప్పడం నా వల్ల కాదు. ఆడి చూస్తే కాళ్ళకే తెలుస్తుంది. ఆదివారం మీ నాన్న తీసుకెళ్తే చిట్టీ, నీకు బాగా వచ్చిన పాటే పెట్టు, మిర్రర్ ఎంచుకో. కన్నా, నువ్వు తెర వంక చూడకు, అక్క కాళ్ళ వంకే చూడు. మొదట ఎక్కడ తడబడిందో, తర్వాత ఎక్కడ కుదురుకుందో రాత్రికి నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ తాతయ్య